అద్దాలు తుడిచేటోడు

రాత్రి పదింటికి సనాయ్య క్యాంపు గేటు కాడ
తెల్ల బస్సు ఎక్కుత.
నలభై నిమిషాలు.
సముద్రం ఒడ్డున దోహా
ఇంకా కవరు తియ్యని కొత్త కుర్చీ లెక్క మెరుస్తుంటది.

పందొమ్మిదో అంతస్తు నాది.
నాది అంటే, తుడిచేది నేను.
తలుపు మీద పేరుండదు,
ఒక గీత, దాని మీద మూడు చుక్కలు.
సర్కారుకు లెక్కలు జేసే కంపెనీ అని
సూపర్‌వైజర్ బినోయ్ ఒకసారి చెప్పిండు,
చెప్పి, ఎందుకు చెప్పిన్నో అన్నట్టు ఎనక్కి చూసిండు.

ఏం లెక్కలో నాకెట్ల ఎరుక?
గోడంత తెర మీద పట్నం పటం ఉంటది.
నడిరాత్రి సుత చుక్కలు కదుల్తుంటయి,
చక్కెర ఒలికిన కాడ చీమల తీరు.
ఎడమ దిక్కు, కింద,
చుక్క మీద చుక్క పడి ముద్దయిన జాగా ఒకటుంది.
అది మా క్యాంపే అనుకుంట.
గదికి పన్నెండు మందిమి, ముద్దగాక ఏమైతది.

ఈ మాట క్యాంపుల చెప్పుడే నా తప్పు.

తెల్లారేసరికి అది మెస్సు దాటింది.
పైసలు పంపే కౌంటరు కాడ లైన్ల నిలబడ్డోళ్లు అంటున్నరట:
ఎవడు ఎన్ని పంపుతుండో చూసి
ఎవడు పారిపోతడో ముందే జెప్తదట ఆ మిషిని.
ఖల్లివల్లి అయ్యేటోని చుక్క
వాడు అయ్యేదానికి నెల ముందే ఎర్రగైతదట.

ఇస్తారి మూడు నెలల సంది ఇంటికి పైస పంపలే.
పంపలేనోడు పారిపోయేటోడేనా
అని నన్నడిగిండు,
నేనే ఆ మిషిని అయినట్టు.

ఆ రాత్రి సంది ఫోను బియ్యం డబ్బాల పెట్టి పంటుండు.
శుక్రవారం దిల్‌బహదూర్ బజారుకు పోతుంటె
తన ఫోను వాని జేబుల ఏసిండు,
"బజార్ల తిరుగుతున్ననని రాసుకోనీ" అని.
తనేమో మంచం మీద కూసొని
ఉల్లిగడ్డలు కోసుకుంట నవ్విండు.
మేమందరం నవ్వినం.
ఎక్కువ సేపేం కాదు.

ఎవరన్నరో తెల్వది:
"వీడు ఆ కంపెనీల్నే పనిజేస్తడు గదా."
ఇప్పుడు నేను గదిలకు వస్తె మాట ఆగుతది.
నా కంచం పక్కన కంచం ఉండదు.
రెండేండ్లు నాతోని ఒక్క సబ్బు వాడుకున్న బుచ్చిలింగం
పెండ్లాంతోని మాట్లాడేటందుకు మెట్ల కిందికి పోతుండు.
నా చేతిల ఉన్నది గుడ్డ, కెమెరా కాదు.
ఎవనికని జెప్పాలె?

ఆఫీసుల ఒక మనదిక్కు పిల్ల ఉంది. రాత్రి డ్యూటీ.
మెడల కార్డు ఎప్పుడూ తిరగబడి ఉంటది.
ఒకనాడు ఫోన్ల అంటుంది, గోదావరి మాట:
"పేర్లేం ఉండవే మా దగ్గర. నంబర్లే.
ఎవరు చూస్తారో, ఎందుకో, మాకూ చెప్పరు.
ఈమధ్య నడకకెళ్తే నా ఫోను ఇంట్లోనే వదిలేస్తున్నాన్లే."
నేను బకెట్ పట్టుకొని స్తంభం ఎనుక నిలబడ్డ.
నాకు తెలుగు వస్తదని చెప్పలే.
నేను సుత దొంగతనంగ విన్నట్టే గద.

ఈ దేశం వచ్చిన రోజు
సిమెంటు తిన్న నా బొటనవేలు మిషినికి దొరకలే.
ఐదుసార్లు ఒత్తిచ్చిండ్రు,
నిమ్మకాయను పిండినట్టు పిండిండ్రు.
ఆఖరికి దొరికింది.
ఇప్పుడు ఎవల దగ్గరుందో,
దానికి సుత రాత్రి డ్యూటీయేనో ఏమో.

వాళ్ల వేళ్లు మాత్రం రోజూ అద్దాల మీద ఉంటయి,
తలుపు కాడ, తెర అంచుకు, బిస్కెట్ జిడ్డుతోని.
స్ప్రే కొట్టి గుండ్రంగ తుడుస్త.
పొద్దుగాలకు ఒక్కటి మిగలదు.
అందుకే జీతమిస్తరు నాకు.

నిన్న ఇస్తారి మంచం ఖాళీగ ఉంది.
ఫోను బియ్యం డబ్బాల్నే ఉంది, మోగుతనే ఉంది.
పదకొండు మందిమి ఉన్నం గదిల.
ఎవలం ఎత్తలే.

రాత్రి తెర కాడికి పోయిన.
మా ముద్దల ఒక చుక్క తక్కువయిందా అని
లెక్కపెడుతున్న.
కదుల్తనే ఉన్నయి. తప్పింది.
మళ్ల మొదలుపెట్టిన.

ఏం చూస్తున్నవని ఆ పిల్ల ఎనుకకెల్లి హిందీల అడిగింది.

మరక, మేడం,
అన్న.